చిన్నాయన విమానం వెతుక్కుంటూ చింద్విన్ ఒడ్డుకు

2019 నవంబరు 11, సోమవారం. ఉదయం 7.10. పద్మారావు నగర్, మా మేనత్త ఇల్లు. ఉన్నవారు: మేనత్త సుశీలమ్మ (88), ఆమె కొడుకు నర్సింగరావు (66), కోడలు విజయ, నేను (72).

బయలుదేరిన రోజు డైరీలో మొదట రాసుకున్నది ఇది. తిరిగి వచ్చి ఐదు వారాలైంది. బర్మా చూడనివారి కోసం ఆ పేజీలను కొంచెం పెంచి రాస్తున్నాను. టికెట్లు, వీసాల సంగతి ఎవరైనా చెబుతారు కనుక వాటిని వదిలేశాను.

ఆ ఉదయం విజయ ఉప్మా పెట్టింది. అత్తమ్మ తినలేదు. నా ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది.

"సత్యం, రెండు మాటలల్ల చెప్పు, చాలు. ఇంజన్ ఆగిందా, ఆగలేదా. అవునన్నా సరే, కాదన్నా సరే. ఇంటికొచ్చినంక మెల్లగ చెప్తా అనద్దు. అంతదాంక నేనుంటనో ఉండనో."

"అమ్మా, పోయేటప్పుడు జెర మంచి మాట చెప్పి పంపరాదే," అన్నాడు నర్సింగరావు.

"నువ్వేం పరేషాన్ గాకు. నిన్ను పంపేది సంచులు మొయ్యనీకే."

ఈ ప్రశ్న ఎక్కడిదో చెప్పాలి. అత్తమ్మకు ఇద్దరు అన్నలు. పెద్దవాడు యాదగిరి, మా నాన్న. రెండోవాడు నరహరి, మా చిన్నాయన. ఇద్దరూ రాంగోపాల్‌పేట్ ఇంట్లో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో వాయుసేనలో చేరారు. నాన్న నేల మీద ఇంజన్లు చూసే ఫిట్టర్. చిన్నాయన ఇద్దరు కూర్చునే బాంబరులో వెనుక సీటు మనిషి. వైర్‌లెస్, మరతుపాకి అతని పని. అన్నదమ్ములకు ఒకే దళంలో పని పడటం అరుదట. వీళ్ళకు పడింది.

ఇంటికి వచ్చిన చివరి ఉత్తరంలో చిన్నాయన, తాను ఎక్కే విమానం ఇంజన్ ఇకనుంచి అన్నే చూస్తాడని, ఫికర్ చేయవద్దని రాశాడు. మా నానమ్మకు చదువు రాదు. పదమూడేళ్ళ అత్తమ్మ ఆ ఉత్తరాన్ని పైకి చదివి వినిపించింది. మూడు వారాలకు తంతి వచ్చింది. దాన్ని కూడా అత్తమ్మే చదివింది. విమానం బర్మా మీదికి వెళ్ళి తిరిగి రాలేదు.

ప్రతి ఉదయం విమానం లేచే ముందు ఫిట్టర్ ఇంజన్ చూసి పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే విమానం కదలదు. ఆ ఉదయం సంతకం పెట్టింది నాన్న. యుద్ధం ముగిసి ఇంటికి వచ్చినప్పుడు నానమ్మ ఒక్కటే అడిగిందట: "ఇంజన్ మంచిగ లేకుండెనా?" నాన్న జవాబు చెప్పలేదు. ఆ మౌనాన్ని అత్తమ్మ ఒప్పుకోలుగా తీసుకుంది. ఆ తరువాత మా ఇంట్లో పెళ్ళిళ్ళకు వచ్చింది, చావులకు వచ్చింది, మా అమ్మతో మాట్లాడింది. నాన్నతో మాట్లాడలేదు. నాన్న రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా చేరి ఫిట్టర్‌గానే రిటైరయ్యాడు. పని సరిగ్గా ఉందని చివర సంతకం పెట్టే ఎగ్జామినర్ ఉద్యోగం మూడుసార్లు ఇస్తామంటే మూడుసార్లూ వద్దన్నాడు.

నాన్న పోయాక నా దగ్గరికి వచ్చిన ఆయన నోటుబుక్కులో, ఆయన చూసిన ఇంజన్ల నంబర్లు వరుసగా ఉన్నాయి. నిరుడు ఇంటర్నెట్‌లో పాత విమానాల శకలాల ఫోటోలు చూస్తుంటే, బర్మాలో చింద్విన్ నది దగ్గర ఒక బౌద్ధ మఠంలో ఉన్న ఇంజన్ నంబరు రేకు కనిపించింది. దాని మీద చిన్నాయన విమానానికి రాసుకున్న, ఆ వరుసలోని చివరి నంబరు ఉంది. ఫోటో పెట్టింది ఆ ఊరి బడి పంతులు. ప్రొపెల్లర్ కూడా ఉందా అని రాశాను. "ఉంది. వచ్చి చూడండి," అని జవాబు పంపాడు.

ప్రొపెల్లర్‌నే ఎందుకు అడిగానంటే, నేను హైస్కూల్లో ఉండగా పేపర్లో కూలిన విమానం బొమ్మ వచ్చింది. నాన్న అందులో రెక్కలు చూడలేదు, తోక చూడలేదు. ప్రొపెల్లర్ మీద వేలు పెట్టి, "దీని ఇంజన్ ఆగిపోయింది," అన్నాడు. ఇంజన్ నడుస్తుండగా నేలకు తగిలితే ఆకులన్నీ ఒకేలా ముందుకు వంగుతాయట. ఆగిపోయి తగిలితే కిందున్న ఆకు వెనక్కి మడతపడి, మిగతావి తిన్నగా ఉంటాయట. విమానాల గురించి ఆయన నాతో మాట్లాడింది అదొక్కసారే.

రంగూన్

కలకత్తాలో విమానం మారి 12వ తేదీ మధ్యాహ్నానికి రంగూన్ చేరాం. ఈ ఊళ్ళో కార్లు రోడ్డుకు కుడి పక్కన నడుస్తాయి, స్టీరింగు కూడా కుడి పక్కనే ఉంటుంది. అందువల్ల డ్రైవరు పేవ్‌మెంట్ పక్కన కూర్చుంటాడు, పక్క సీటు మనిషి నడిరోడ్డు మీద దిగుతాడు. నర్సింగరావు మొదటి రోజే రెండుసార్లు చావు తప్పించుకున్నాడు.

మగవాళ్ళు ఆఫీసులకు కూడా లుంగీతో వెళతారు. మన దగ్గర లుంగీ కట్టుకుని బ్యాంకుకు వెళితే గుమస్తా తలెత్తడు. ఇక్కడ గుమస్తా కూడా లుంగీలోనే ఉన్నాడు. ఆడవాళ్ళు, పిల్లలు చెంపలకు తనాకా అనే చెక్కను అరగదీసి గంధంలా పూసుకుంటారు. టీ దుకాణంలో బల్ల మీద పాలు లేని టీ ఫ్లాస్కు ఉంటుంది. ఎంత తాగినా ఊరికే. పాల టీకి మాత్రం మన లెక్కలో పాతిక రూపాయలు. టీ తెచ్చే మనిషిని పిలవడానికి పెదవులతో ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తారు. నర్సింగరావు ఎంత ప్రయత్నించినా ఆ చప్పుడు రాలేదు.

"సికింద్రాబాద్ల గిట్ల చేస్తే చెప్పు తెగేదాంక కొడ్తరు బావా," అన్నాడు.

ఇక్కడ మాకు దుబాసీగా కుదిరిన మనిషి పేరు అప్పన్న. వయసు అరవై మూడు. బర్మా పేరు ఒకటి వేరే ఉంది. తాత విశాఖపట్నం వైపు నుంచి ఓడలో కూలికి వచ్చాడట. అప్పన్న పుట్టింది, పెరిగింది మౌల్మేన్ పక్క పల్లెలో. ఇండియా ఎన్నడూ చూడలేదు. రంగూన్‌లో కిళ్ళీ దుకాణం ఉంది. తన తెలుగే అసలు తెలుగని నమ్మకం.

"తమరి మాట నాకు సగమే తెలస్తంది బాబూ," అన్నాడు నర్సింగరావుతో. "పరేసాను, పికరు... ఇయ్యేటి? తెలుగేనా?"

"మాది హైదరాబాద్ తెలుగు, అప్పన్నా. నవాబు పాలిషు పట్టిండు."

"పాలీసు పట్టి అరగదీసినాడు, అంతే. మరేటీ మిగల్నేదు."

వీళ్ళిద్దరూ ప్రయాణమంతా ఇలాగే మాట్లాడుకున్నారు. నాకు విశ్రాంతి దొరికింది.

తౌక్యాన్

రంగూన్‌కు ఉత్తరాన గంట దూరంలో యుద్ధంలో చనిపోయినవారి సమాధుల తోట ఉంది. సమాధి దొరకనివారి పేర్లు పెద్ద పెద్ద రాతి స్తంభాల మీద చెక్కారు. చిన్నాయన పేరు చూసి అత్తమ్మ కోసం ఫోటో తీసుకుందామని 13న వెళ్ళాం. పేర్లు వేలకు వేలు. పంజాబీలు, గూర్ఖాలు, మద్రాసువాళ్ళు. నేను ఎడమ వరుస, నర్సింగరావు కుడి వరుస పంచుకుని మూడు గంటలు చదివాం. నా దగ్గర చదివిన స్తంభానికల్లా చుక్క పెట్టుకున్న కాగితం ఉంది. నర్సింగరావు దగ్గర ఏమీ లేదు, కనుక అతను చదివిన స్తంభాలనే మళ్ళీ చదివాడు.

చివరికి గడ్డి కోస్తున్న తోటమాలి వచ్చి, ఎవరి కోసమని అప్పన్నను అడిగాడు. వాయుసేన అని చెప్పగానే తల అడ్డంగా ఊపాడు. ఇవన్నీ నేల మీద పోరాడిన సైన్యం పేర్లు. ఈ ప్రాంతంలో విమానాలతో పాటు పోయినవారి పేర్లు సింగపూర్‌లో ఉన్నాయి.

"ఏం బావా," అన్నాడు నర్సింగరావు, చెప్పులు విడిచి గడ్డి మీద కూర్చుంటూ, "యాభై ఏండ్ల సంది డైరీ రాస్తవు. ఏ దేశం పోవాల్నో రాసుకోలేదా?"

ఈ పొరపాటు పూర్తిగా నాది. రాత్రి డైరీలో అలాగే నమోదు చేశాను. తోటమాలి మాకు తన టిఫిన్‌లోంచి ఉడికించిన శనగలు పెట్టాడు. ఉల్లిగడ్డ ముక్కలు, నువ్వుల నూనె కలిపి ఉన్నాయి. మన గుగ్గిళ్ళలో నువ్వుల నూనె వేయడం నేనెప్పుడూ చూడలేదు. బాగుంది.

మొనివా దారిలో

మాండలే వరకు విమానం, అక్కడినుంచి కారు. మొనివాలో ఒక రాత్రి ఆగాం. పొద్దున అందరూ తినేది మొహింగా: చేపల పులుసులో బియ్యపు సేమియా, పైన కరకరలాడే పప్పు వడ. నర్సింగరావు రెండు గిన్నెలు తిన్నాడు. నేను శుక్రవారాలు చేపలు ముట్టను కనుక పులియబెట్టిన టీ ఆకుల కూర అన్నంలో కలుపుకున్నాను. మన గోంగూరకు వగరు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. పూట తిండి ముగ్గురికీ కలిపి నూట ఎనభై రూపాయల లోపే.

మొనివా దాటాక రోడ్డు కొండల్లోకి ఎక్కుతుంది. కారు ఒకచోట వేడెక్కి ఆగిపోయింది. డ్రైవరు బానెట్ ఎత్తి చూస్తుంటే నర్సింగరావు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"బావా, ఒక మాట అడుగుతా. ఇంజన్ ఆగిందని తేలితే అమ్మకు ఏం చెప్తవు?"

"ఆగిందని చెప్తా."

"గంతేనా? మా మామ పేరు చెడిపోతది గద. నీ బాపు."

"ఆమె రెండు మాటలే అడిగింది."

"నువ్వు గూడ మీ బాపు లెక్కనే ఉన్నవు," అన్నాడు. అది మెచ్చుకోలో కాదో చెప్పలేదు. తరువాత, "నాకైతే ఆగలేదని చెప్పాలనుంది. మనం చూడకముందే," అన్నాడు.

డ్రైవరు బానెట్ మూశాడు. కారు బయలుదేరింది.

మఠం

15, శుక్రవారం, మధ్యాహ్నం 2.40. కలేవా పట్టణానికి ఇవతల, నదికి అర మైలు దూరంలో ఆ ఊరు. అరవై గడపలుంటాయి. బడి పంతులు రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. మా ఇద్దరి తెల్లజుట్టు చూసి ముందు మంచినీళ్ళు తాగమని మఠం వాకిట్లోకి తీసుకెళ్ళాడు.

బర్మాలో ఎక్కడికి వెళ్ళినా దారి పక్కన కట్టె మంచె మీద నీళ్ళ కుండలు ఉంటాయి. మూత మీద గ్లాసు బోర్లించి ఉంటుంది. దాహమైనవాడు తాగి వెళతాడు. మన దగ్గర చలివేంద్రాలు ఎండాకాలంలోనే. ఇక్కడ ఏడాది పొడుగునా. కుండ నింపడం పుణ్యమని ప్రతి ఊళ్ళో ఎవరో ఒకరు ఆ పని పెట్టుకుంటారు. ఈ మఠం వాకిట్లో కుండ పెద్దది, మన ఇళ్ళలో నీళ్ళు పోసుకునే రంజన్‌కు రెండింతలు. నేను గ్లాసు ముంచి తాగాను. రెండో గ్లాసు నర్సింగరావుకు ఇస్తూ కిందికి చూశాను.

కుండ కట్టె మంచె మీద లేదు. నేలలో సగం పూడిన ఇనుప బొడ్డు; దాని నుంచి మూడు లోహపు ఆకులు బయలుదేరి, కొంత దూరం నేల మీద పరుచుకుని, పైకి వంగి ఉన్నాయి. పట్టిన దోసిలిలా ఆ వంపుల మధ్య కుండ కూర్చుని ఉంది.

"బావా," అన్నాడు నర్సింగరావు. గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

నేను నలభై ఏళ్ళు సర్వే శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. చూసి నమ్మడం అలవాటు లేదు. టేపు తీశాను. ఒక్కొక్క ఆకు చివర నేల నుంచి ఎంత ఎత్తుంది, వంపు బొడ్డు నుంచి ఎంత దూరంలో మొదలైంది, మూడింటికీ రెండుసార్లు కొలిచాను. నర్సింగరావు టేపు రెండో కొస పట్టుకున్నాడు. మూడు ఆకుల మధ్య తేడా రెండంగుళాలు మించలేదు. బొడ్డుకు ముందు వైపు ఏది అని చూశాను. అది పైకి ఉంది. ఆకులు వంగిందీ అటే, అంటే ముందుకే.

తరువాత అడగవలసిన ప్రశ్న ఒకటుంది. కుండ కోసం వీళ్ళే వంచారా?

మఠం పెద్ద భిక్షువుకు ఎనభై ఒకటి. చాప మీద కూర్చుని మా మాట విన్నారు. అప్పన్న రెండు చేతులూ జోడించి ఆయన ముందు వంగి, మాకోసం ఒక్కొక్క మాటే తెలుగులో చెప్పాడు.

"వంచనేదంటన్నారు బాబూ. ఆ ఇనప రేకల్ని వంచే బలం ఈ ఊర్లో ఎవులికుంది అంటన్నారు. పడినప్పుడే అలగుందంట. ఒక రేకు కోసి పారలు సేద్దారని కమ్మరోడు సూసేడంట. రంపమే ఇరిగిపోనాదంట. అప్పుడు పెద్ద గురువుగారు, కుండెట్టండ్రా, దానికదే పీటలాగుంది అన్నారంట."

"పడినప్పుడు వీరు చూశారా?"

"ఆరేళ్ళంట తమకి. మా సెడ్డ రొదతోటి వచ్చిందంట, సెవులు మూసుకున్నారంట. ఎందుకు పడిందో తెల్దు. ఇద్దరు మనుషులున్నారంట. జపానోళ్ళు రాకముందే పెద్ద గురువుగారు ఒకే సితి మీద ఇద్దర్నీ కాల్చేసి, బూడిద ఈ నదిలోనే కలిపించేరంట."

ఎనభై ఒక్కేళ్ళ వయసులో ఆరేళ్ళప్పటి చప్పుడు గుర్తుండటం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. కొలతల మీద ఉంది. డైరీలో రెండూ రాశాను, వేరు వేరుగా.

సాయంత్రం నాలుగున్నరకు అత్తమ్మకు ఫోను చేశాను. మొదటి మోతకే ఎత్తింది.

"చెప్పు."

"ఆగలేదు అత్తమ్మా. నేలకు తాకేటప్పుడు ఇంజన్ నడుస్తుండె. ఎందుకు పడ్డదో తెల్వదు. గది మాత్రం ఎవ్వరికీ తెల్వదు."

కొలతలు చెప్పాను. చితి సంగతి, నది సంగతి చెప్పాను.

"మరి పెద్దన్న అమ్మకు గా మాట ఎందుకు చెప్పలే?"

"ఆయనకు ఎట్ల తెలుస్తది? విమానమే దొరకలే. తెల్వనిది ఎట్ల చెప్తడు?"

"తెల్వదు అని చెప్పొచ్చు గద."

ఎందుకు చెప్పలేదో నాకు తెలియదని చెప్పాను.

"అమ్మ ఒక్కసారి అడిగింది," అంది అత్తమ్మ. "నేను గా ఒక్కసారి సుత అడగలే. గదే గల్లీలకెళ్ళి ఎన్నిసార్లు పోయిన. పెద్దన్న అరుగు మీదనే కూసుంటుండె. ఒక్కసారి అడగలే."

ఫోను పెట్టేసింది. నర్సింగరావు మళ్ళీ చేయబోతే వద్దన్నాను.

మరునాడు

రాత్రి బడి పంతులు ఇంట్లో పడుకున్నాం. 16వ తేదీ ఉదయం 6.15కు ఫోను మోగింది. సికింద్రాబాద్‌లో అప్పటికి ఐదుంబావు. అత్తమ్మ.

"ఆ కుండల నీళ్ళు ఎవరు పోస్తరు?"

నిన్న ఆ విషయం అడగనే లేదు. ఫోను చేత్తో పట్టుకునే మఠం వాకిట్లోకి వెళ్ళాను. యాభై ఏళ్ళావిడ ఒకరు, చెంపలకు తనాకా పూసుకుని, బావి నుంచి బకెట్లతో నీళ్ళు తెచ్చి కుండలో పోస్తోంది. అప్పన్న వేపపుల్ల నములుతూ నా వెనకే వచ్చాడు. ఆమెను అడిగి చెప్పాడు: ఇంతకు ముందు ఆమె తల్లి పోసేది, అంతకు ముందు తల్లి అత్తగారు. ఒక్క రోజు కూడా మానలేదు.

"రోజూ పోస్తరట అత్తమ్మా. ఇప్పుడే పోస్తున్నరు. నేను ముంగటనే ఉన్న."

"నువ్వు గూడ రెండు చెంబులు పొయ్యి. ఇద్దరి పేర్లు చెప్పి పొయ్యి. పెద్దన్న పేరు ముందు."

చెంబు లేదు. గ్లాసు చిన్నది. నా చూపు చూసి ఆవిడ తన చేతిలోని ఇత్తడి గిన్నె ఇచ్చింది. ఫోనును, అప్పుడే లేచి వచ్చిన నర్సింగరావు పట్టుకున్నాడు. నేను బకెట్లో ముంచి, యాదగిరి అని ఒకసారి, నరహరి అని ఒకసారి, పైకి వినబడేలా చెప్పి పోశాను. కుండ అప్పటికే నిండి ఉంది. నేను పోసిన నీళ్ళు అంచు మీదుగా పొర్లి, మూడు ఆకుల వెంటా సమానంగా కిందికి కారిపోయాయి.